కోను కాపలా

కిరీటి బాధంతా ఒక్క కోనుతోనే.

కోను అంటే మరేం కాదు. రోడ్డు తవ్విన చోట పెడతారే, నారింజ రంగు రబ్బరు టోపీ, అదే. మోకాలి ఎత్తు కూడా ఉండదు. కాళ్ళు లేవు, నోరు లేదు, ఎవరి జోలికీ పోదు. పెళ్ళాన్ని లెక్కలోంచి తీసేస్తే, కిరీటి ఈ లోకంలో ఓడిపోయేది దాని ముందే.

కర్నూల్లో కార్ల పిచ్చి ఉన్నవాళ్ళంతా కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. అప్పుడప్పుడూ ఒక శని, ఆదివారం చూసుకుని డోన్ దాటి పోతారు. అక్కడ ఎప్పుడో విమానాల కోసం వేసి, ఒక్క విమానమూ దిగని పాత రన్‌వే ఒకటి ఉంది. దాని మీద కోన్లు పేర్చి ఆటోక్రాస్ ఆడతారు. కార్లన్నీ ఒకేసారి పరిగెత్తేది కాదు. ఒక్కో కారూ ఒంటరిగా వెళ్ళి, కోన్ల మధ్య మెలికలు తిరిగి, చిట్టచివరి కోనును కుడిపక్క పెట్టుకుని చుట్టేసి, వెనక్కి రావాలి. ఎవరు తొందరగా వస్తే వాళ్ళు గెలిచినట్టు. ప్రతి కోను చుట్టూ ముగ్గుపిండితో ఒక గీత ఉంటుంది. కారు తగిలి కోను పడిందా, గీత దాటిందా, టైముకి సెకన్లు కలిపేస్తారు.

ఆ చిట్టచివరి కోనుకి క్లబ్బులో 'అల్లుడుగారు' అని పేరు. చుట్టూ తిరగాలి, దగ్గరగా తిరగాలి, తగలకూడదు. తగిలితే ఊరందరికీ తెలుస్తుంది.

కిరీటి ఎప్పుడు వెళ్ళినా అల్లుడుగారు పడేవారు.

ఇందులో ఇంకో ముచ్చట ఉంది. కిరీటి ఇన్సూరెన్సు సర్వేయరు. గుద్దుకున్న కార్లు చూసి తప్పెవరిదో రాయడమే అతని ఉద్యోగం. "చెట్టు అడ్డమొచ్చింది సార్" అని ఎవరైనా అంటే, "ఎటు నుంచి వచ్చింది? ఇండికేటర్ వేసిందా?" అని అడిగి ఏడిపించేవాడు. అదే ఆదివారం వస్తే, తన చిన్న ఎర్ర కారు దిగి, తలమీది హెల్మెట్ తీసి, "కోను అడ్డమొచ్చింది" అనేవాడు. మొహంలో ఏ సిగ్గూ లేకుండా.

ఆ కారంటే అతనికి ప్రాణం. సీట్లు రెండే. పైన కప్పు మడిచేస్తే ఆకాశమే కప్పు. డిక్కీలో ఒక పుచ్చకాయ పెడితే రెండోది ఒళ్ళో పెట్టుకోవాలి. "అమ్మే రోజు చెప్పండి, సేమ్యా పాయసం చేస్తా" అని భార్య ఎన్నిసార్లు అన్నా చెవిన వేసుకోలేదు. అలాంటివాడు పోయినసారి పడగొట్టిన కోన్ల గురించి క్లబ్బు వాట్సాప్‌లో ఆటపట్టిస్తుంటే రోషం వచ్చి, ఒక మాట రాసేశాడు: "ఈ ఆదివారం ఒక్క పరుగైనా ఏ కోనూ పడకుండా పూర్తి చెయ్యకపోతే కారు అమ్మేస్తా."

వద్దు కిరీటీ, తొందరపడకు అంటారనుకున్నాడు. వరసగా బొటనవేళ్ళు వచ్చాయి. కింద డాక్టర్ శేషఫణి రాశాడు: "నేను తీసుకుంటానండీ."

శేషఫణి పళ్ళ డాక్టరు. గోదావరి వైపు నుంచి వచ్చి కర్నూల్లో ఆస్పత్రి పెట్టుకున్నాడు. ఎవరికీ నొప్పి తెలియకుండా పన్ను పీకుతాడని మంచి పేరు.

ఇక మిగిలింది గురువు. దస్తగిరి సార్ కుర్రతనంలో కారు ర్యాలీల్లో పేరు మోసినవాడు. ఇప్పుడు డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాడు. భారీ మనిషి, తెల్లగడ్డం, జేబునిండా వేయించిన శనక్కాయలు. పోటీకి పనికొచ్చే కారు తనకి లేకపోయినా కిరీటి కారే తీసుకుని పోటీలో దిగుతాడు, ఒక్క కోనూ కదపకుండా తిరిగొస్తాడు. ఒకే కారు ఇద్దరు తోలుకోవచ్చు, క్లబ్బు ఒప్పుకుంటుంది. దానివల్ల కిరీటికి పెద్ద నష్టమే జరిగింది. కారులో లోపముందని చెప్పుకునే దారి మూసుకుపోయింది.

సార్ పాఠం మాత్రం చెప్పడు. ఏడాదిగా వెంట తిరుగుతున్న కిరీటికి ఆయన నోటి నుంచి రాలిన జ్ఞానమంతా కలిపితే "బెల్టు పెట్టుకో", "ఈ హోటల్లో ఉగ్గాని బాగుంటాది" అన్న రెండు ముక్కలే.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ బయల్దేరారు. దస్తగిరి సార్ ఆ కారెక్కడం ఒక కార్యక్రమం. ముందు ఒక కాలు, తర్వాత కొంచెం ఆలోచన, తర్వాత నడుము, ఇంకొంచెం ఆలోచన, చివరికి రెండో కాలు. ఆయన కూర్చున్నాక కారు ఎడమ పక్కకి ఒరిగి, సర్దుకుని, బయల్దేరింది.

ఊరు దాటగానే కిరీటి మొదలెట్టాడు.

"సార్, మలుపుకి ఎంత దూరంలో బ్రేకు వెయ్యాల?"

"శనక్కాయలు తిను."

"టైర్లలో గాలి ఇంకొంచెం దించుదామా?"

"పొట్టు ఊదకప్పా. నా గడ్డంలోకి వస్తాంది."

"రేపు నా కారు పోయేటట్టుంది సార్!"

సార్ కాసేపు ఆలోచించాడు. డాష్‌బోర్డు మీద ప్రేమగా చెయ్యి వేసి నిమిరాడు.

"మంచి కారు," అన్నాడు.

సాయంత్రానికి రన్‌వే చేరారు. కారెక్కే ముందు దారంతా కాలినడకన ఒకసారి తిరిగి చూసుకోవడం ఈ ఆటలో ఆనవాయితీ. కిరీటి ప్రతి కోను దగ్గరా ఆగి ఫోనులో ఫోటో తీశాడు. అల్లుడుగారి దగ్గరికి రాగానే గొంతుక్కూర్చున్నాడు. ముందు నుంచి చూశాడు, వెనక నుంచి చూశాడు, నేల మీద చెంప ఆనించి కింద నుంచి చూశాడు. కళ్ళు మూసుకుని, గుర్తుందో లేదో సరిచూసుకున్నాడు. తన పెళ్ళిచూపుల్లో కూడా ఎదురుగా ఉన్న మనిషిని అంత శ్రద్ధగా చూసింది లేదు.

దస్తగిరి సార్ శనక్కాయలు నములుతూ ఆ పక్క నుంచి నడిచిపోతున్నాడు.

"సార్, అల్లుడుగారు ఇదే! చూడరా?"

"నమస్కారం పెట్టినానని చెప్పు," అని ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున కిరీటి లేచి వచ్చేసరికి ఎర్ర కారులో ఎవరో కూర్చుని ఉన్నారు. డాక్టర్ శేషఫణి. ఒళ్ళో దారానికి గుచ్చిన నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు.

"గుడ్ మార్నింగండీ కిరీటి గారూ. ఈ అద్దం కొంచెం కిందికి దించుకోవచ్చాండీ? నా ఎత్తుకి సరిపోవట్లేదు."

"డాక్టరు గారూ, కారు ఇంకా నాదే."

"అయ్యో, మీదేనండీ! ఎవరు కాదన్నారు? సాయంత్రం దాకా మీదే." దిగుతూ దిగుతూ సీటు కవరు వేలితో నొక్కి చూశాడు, చిగురు నొక్కి చూసినట్టు. "ఈ ఎరుపు నాకు నచ్చిందండీ. మా ఆవిడ మాత్రం నీలం చేయించమంటోంది."

కిరీటి రక్తం ఉడికింది. ఉడికిన రక్తంతోనే మొదటి పరుగు తీశాడు. మెలికలన్నీ బాగానే తిరిగాడు. అల్లుడుగారు దగ్గరపడ్డారు. కిరీటి కళ్ళు రెండూ విప్పి, రెప్ప వెయ్యకుండా, దాన్నే చూస్తూ వెళ్ళాడు. తగలకూడదు, తగలకూడదు, తగలకూడదు.

ధబ్.

"అల్లుడుగారు పడ్డారూ!" అని క్లబ్బు సెక్రెటరీ ఓబుళరెడ్డి మైకులో అరిచాడు. గ్రానైటు వ్యాపారం చేసే మనిషి. ఆయన గొంతుకి అసలు మైకు అక్కర్లేదు.

రెండో పరుగులో కిరీటి ఇంకా జాగ్రత్తపడ్డాడు. ఇంకా గట్టిగా చూశాడు. ఈసారి అల్లుడుగారు పడటమే కాదు, కారు కిందికి దూరి, కిరీటితో పాటు గమ్యం దాకా వచ్చారు.

"అల్లుడుగారు అలిగి వెళ్ళిపోతున్నారూ!" అన్నాడు ఓబుళరెడ్డి.

కారు దిగిన కిరీటి హెల్మెట్ తీశాడు. అందరూ అతని నోటివైపే చూస్తున్నారు, 'కోను అడ్డమొచ్చింది' అన్న ఆ మాట కోసం. కిరీటి ఆ మాట మింగేశాడు. ఇక మిగిలింది మధ్యాహ్నం ఒకే ఒక్క పరుగు. దూరంగా శేషఫణి ఫోనులో భార్యతో మాట్లాడుతున్నాడు: "నీలమే చేయిద్దాంలే."

కిరీటి సరాసరి గురువు దగ్గరికి పోయాడు. ఆయన గొడుగు కింద కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు.

"సార్, ఏడాది నుంచి మీ వెంట తిరుగుతాండా. మీ సంచి మోసినా. మీ శనక్కాయల పొట్టు ఊడ్చినా. నా కారు పోతాంది. ఒక్క మాట చెప్పండి. ఒకే ఒక్క మాట."

దస్తగిరి సార్ మజ్జిగ పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాడు. లేచాడు. తన తలమీది గుడ్డ టోపీ తీసి కిరీటి నెత్తిన పెట్టాడు. సెక్రెటరీ బల్లమీద ఉన్న ఎర్రజెండా తీసి అతని చేతిలో పెట్టాడు. తర్వాత చెయ్యి పట్టుకుని, బడికి పోనని మొండికేసే పిల్లాడిని తీసుకుపోయినట్టు, ఎండలో నడిపించుకుంటూ పోయాడు.

ఇక్కడ క్లబ్బు పద్ధతి ఒకటి చెప్పాలి. సగంమంది కార్లు తోలుతుంటే, మిగతా సగంమంది కోన్ల దగ్గర కాపలా ఉండాలి. కోను పడితే పరిగెత్తి లేపాలి, ముగ్గు గీతలో నిలబెట్టాలి, వాకీటాకీలో చెప్పాలి. కిరీటి ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పి టైము రాసే టెంటులోకి దూరేవాడు. అక్కడ ఫ్యాను ఉంటుంది.

సార్ అతన్ని తీసుకెళ్ళి అల్లుడుగారికి బాగా వెనక, ఇసుక బస్తాల అవతల నిలబెట్టాడు. భుజాలు పట్టుకుని కొంచెం ఎడమకి జరిపాడు. ఒకడుగు వెనక్కి వేసి, సరిగ్గా కుదిరిందా లేదా అని గోడకి పటం తగిలించినవాడిలా చూసుకున్నాడు.

"ఈడ నిలబడు."

"ఈడ నిలబడి ఏం చెయ్యాల సార్?"

"పడితే లేపు."

"పడకపోతే?"

"టోపీ తియ్యకు. ఎండ బాగుంది." అని తన దారిన తాను పోయాడు. ఆయన పరుగు ఈ జట్టులోనే ఉంది.

కిరీటికి ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో పక్కన ఎవరో దగ్గారు. చూస్తే శేషఫణి. కాపలా చోటుకి ఇద్దరుండాలి. ఊరికే తిరుగుతున్నవాడు ఓబుళరెడ్డి కంట పడితే ఇంకేముంది, చేతిలో వాకీటాకీ పెట్టి తోలాడు.

"మీతో ఇలా నిలబడటం బాగుందండీ," అన్నాడు డాక్టరు. "కారు సంగతులు ఏవైనా ఉంటే చెప్తూ ఉండండి. చలికాలం స్టార్టింగు ఎలా ఉంటుంది?"

మొదటి కారు వస్తోంది. కాలేజీ కుర్రాడెవరో. ఎదురుగా దూసుకొచ్చాడు, కళ్ళు ఇంతింత, నోరు ఇంత. ధబ్. కిరీటి పరిగెత్తి కోనును లేపి గీతలో పెట్టి వచ్చాడు.

"చూశారాండీ?" అన్నాడు శేషఫణి ఉత్సాహంగా.

"ఏంటి?"

"ఆ అబ్బాయికి పై వరసలో ముందు పన్ను విరిగిందండీ. క్యాపు వేయించుకోవాలి. అసలు ఇక్కడ నుంచి ఎంత చక్కగా కనపడుతోందో! మా ఆస్పత్రిలో కుర్చీ వేసి లైటు పెట్టినా ఇంత బాగా నోరు తెరవరు."

రెండో కారు. ధబ్. కిరీటి పరుగు.

"కింద దవడలో పుచ్చు," అన్నాడు డాక్టరు.

మూడో కారులో ఒకావిడ వచ్చింది. చుట్టేసి వెళ్ళిపోయింది. కోను కదల్లేదు.

"ఈవిడ పళ్ళు కనపళ్ళేదండీ," అన్నాడు డాక్టరు చిన్నబుచ్చుకుని.

ఎండ మాడుస్తోంది. తర్వాత వచ్చినాయన సాక్షాత్తూ ఓబుళరెడ్డి, మైకు ఇంకొకరికిచ్చి వచ్చాడు. అంత గొంతున్న మనిషీ, అంత మీసమున్న మనిషీ, అల్లుడుగారిని చూస్తూ వస్తున్న తీరు చూసి కిరీటికి నవ్వాగలేదు. పుట్టలోంచి లేచిన పామును చూసినట్టు చూస్తున్నాడు. చూపు కోను మీద నుంచి ఊడిరావడం లేదు. ధబ్.

"జ్ఞానదంతం," అన్నాడు డాక్టరు. "వంకరగా వచ్చిందండీ."

కిరీటి కోను లేపడానికి పోయి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నవ్వు మొహం మీద సగంలో ఆగింది.

"కిరీటి గారూ! రండి, ఇంకో కారు వస్తోంది!"

వచ్చింది ఎర్ర కారు. కప్పు తీసేసి ఉంది. లోపల దస్తగిరి సార్, పావడా కట్టిన గుమ్మడికాయలా నిండుగా. తన పాత తెల్ల హెల్మెట్‌ని కూడా డ్రైవింగ్ స్కూలు ప్రచారానికే వాడుకుంటాడు. ఎడమ పక్కన పెద్ద నీలం అంకెల్లో ఫోన్ నంబరు రాయించాడు.

కిరీటి ఈసారి కారును చూడలేదు, కోనునూ చూడలేదు. సార్ మొహం కోసం చూశాడు. మొహం లేదు. ఇంకా అల్లుడుగారి దగ్గరికి రానేలేదు, అప్పుడే ఆయన తల కుడివైపు తిరిగిపోయి ఉంది, ఎక్కడో కోను అవతలకి, వెనక్కి పోయే దారి వైపుకి. కిరీటికి కనిపించింది ఫోన్ నంబరొక్కటే. పది అంకెలూ తీరిగ్గా చదువుకునేంత సేపు కనిపించింది. కారు కోనును ఆనుకున్నంత దగ్గరగా చుట్టేసి వెళ్ళింది. ఆ గాలికి ముగ్గుపిండి కొంచెం లేచి, మళ్ళీ నేల మీద కూర్చుంది.

"పెద్దాయన నోరు చూద్దామని ఎంతో ఆశపడ్డానండీ," అన్నాడు శేషఫణి. "ఫోన్ నంబరు తప్ప ఏమీ లేదు."

కిరీటి జెండా చంకలో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాతి కారు మెలికల్లోంచి బయటపడి ఇటు తిరిగింది. ఇంకా చాలా దూరముంది.

"చెప్పెయ్యండి డాక్టరు గారూ. అల్లుడుగారు పడ్డారని."

"ఇంకా తగల్లేదు కదండీ!"

ధబ్.

డాక్టరు వాకీటాకీ వంకా కిరీటి వంకా మార్చి మార్చి చూశాడు. ఇంకో కారు వచ్చింది.

"ఇతను పడెయ్యడు," అన్నాడు కిరీటి.

పడెయ్యలేదు.

"జాతకాలు కూడా చూస్తారాండీ?" అన్నాడు డాక్టరు. ఆ మాటలో మొదటిసారిగా కొంచెం దిగులు వినిపించింది.

మధ్యాహ్నం చివరి పరుగుకి కిరీటి కారులో కూర్చున్నాడు. అవతల కోను దగ్గర ఎవరి చోట్లలో వాళ్ళున్నారు. శేషఫణి ఒక్క క్షణం కూడా అక్కడి నుంచి కదల్లేదు. తన కారు కోసం తానే కాపలా కాస్తున్నాడు. దస్తగిరి సార్ తలుపు దగ్గరికొచ్చి వంగాడు. కిరీటి చెవి అటు పెట్టాడు.

"బెల్టు పెట్టుకో," అన్నాడు సార్.

జెండా ఊగింది. కారు ఉరికింది. మెలికలు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. నారింజ రంగు చుక్క దూరంగా కనిపించింది. అంతే, పుచ్చిపోయిన పంటి మీదికి నాలుక పోయినట్టు, కిరీటి చూపు దానిమీదికి లాగుకుపోయింది. అది మోకాలెత్తు కోను కాదు. అది పోతున్న కారు, నీలం రంగు, సేమ్యా పాయసం. లాగుకుపోతున్న చూపును పట్టుకుని, మెడతో సహా, బలవంతంగా కుడివైపు తిప్పాడు. తిప్పితే అక్కడ దారుంది. ఎండలో తెల్లగా, ఖాళీగా, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టుంది. చేతులు దాని వెంట పోయాయి.

ధబ్ అనలేదు. అనిందేమో, అతనికి వినపడలేదేమో. గమ్యం దాటి, కారాపి, స్టీరింగు పట్టుకునే కూర్చున్నాడు. మైకు పలకలేదు. మైకు దగ్గరున్న ఓబుళరెడ్డి వాకీటాకీ చెవికి పెట్టుకుని ఉన్నాడు. అందరూ ఆగారు.

చాలాసేపటికి వాకీటాకీలో నీరసంగా ఒక గొంతు వచ్చింది.

"అల్లుడుగారు... నిలబడే ఉన్నారండీ."

రన్‌వే మీద ఈలలే ఈలలు. కిరీటి గెలిచాడనుకునేరు. ఫలితాల పట్టీని కింద నుంచి చదివితే అతని పేరు తొందరగానే దొరుకుతుంది. అయినా ఆ ఈలలు ఫస్టు వచ్చినవాడికి కూడా పడలేదు. శేషఫణి రన్‌వే ఆ కొస నుంచి ఈ కొస దాకా నడుచుకుంటూ వచ్చి, తెచ్చిన నిమ్మకాయ, మిరపకాయలు తన చేత్తోనే కారు ముందు కట్టాడు.

"దిష్టికండీ," అన్నాడు. "నా దిష్టే తగులుతుందేమోనని."

వెలుతురుండగానే గురుశిష్యులు తిరుగు ప్రయాణమయ్యారు. సార్ మళ్ళీ అంచెలంచెలుగా కారెక్కాడు, శనక్కాయలు తీశాడు. కిరీటి లోపల ఒక పెద్ద గ్రంథం పొంగుతోంది. డోన్ దాకా ఎలాగో ఆపుకున్నాడు. ఊరు దాటాక ఇక ఆగలేదు.

"సార్, నాకు తెలిసిపోయింది! ఇన్నాళ్ళూ మీరెందుకు చెప్పలేదో కూడా తెలిసిపోయింది. చెప్తే తలకెక్కేది కాదు. అసలు సంగతి ఏందంటే సార్..."

సంగతి పెద్దది. ఒక చెయ్యి స్టీరింగు మీదే ఉంచి, రెండో చెయ్యి గాల్లో తిప్పుతూ, కిరీటి పూర్తిగా గురువు వైపు తిరిగి, ఆయన కళ్ళలోకి చూస్తూ మొదలుపెట్టాడు. "మనిషి చూపుందే సార్, చూపు..."

కారు మెల్లగా ఎడమకి పోవడం మొదలెట్టింది. రోడ్డు పక్కన పుచ్చకాయలు కుప్పపోసుకున్న ముసలామె, దగ్గరికొస్తున్న ఎర్ర కారును చూసి, నింపాదిగా లేచి కుప్ప వెనక్కి జరిగింది.

దస్తగిరి సార్ నములుతున్న శనక్కాయలు మింగాడు. చూపుడువేలు శిష్యుడి బుగ్గ మీద పెట్టి, ఆ మొహాన్ని మెల్లగా ముందుకి తిప్పాడు.

"నా దిక్కు కాదప్పా," అన్నాడు. "ఇంటి దిక్కు."